బడి పంచాంగం

పంచాంగానికి అయిదు అంగాలు: తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం. మా ఊళ్ళో ఒక ప్రైవేటు ప్రాథమిక పాఠశాలవారు జూన్‌లో బడి తెరవగానే తల్లిదండ్రుల ఫోన్లకు ఒక పట్టిక పంపారు. ఏడాది పొడవునా జరుగబోయే కార్యక్రమాలూ, కుటుంబసమేతంగా విచ్చేయవలసిన రోజులూ అందులో ఉన్నాయి. దానికీ అయిదు అంగాలే: తేదీ, రంగు, వేషం, రుసుము, ఫొటో. నా మనుమరాలు ఆ బడిలో మూడవ తరగతి చదువుతున్నది గనుక ఆ పంచాంగం నా దాకా వచ్చింది. బడి పేరు వ్రాయను. వ్రాసి ప్రయోజనమూ లేదు. పక్కవీధి బడి పట్టిక తెచ్చి దీని పక్కన పెడితే తేదీలు తప్ప తక్కినదంతా ఒకటే.

జూలైలో ఎల్లో డే, పసుపుపచ్చ బట్టలు తప్పనిసరి. తరువాత ఫ్రూట్ డే, పిల్లవాడికొక పండు వేషం. కృష్ణాష్టమికి రాధాకృష్ణులు. ఆపైన గ్రాండ్ పేరెంట్స్ డే. నవంబరులో ఫాన్సీ డ్రెస్, డిసెంబరులో స్పోర్ట్స్ మీట్, జనవరిలో సంక్రాంతి సంబరాలు (పట్టు పరికిణీ, పంచె), ఫిబ్రవరిలో యాన్యువల్ డే. ఒక్కొక్కదాని కింద సూచనలు. అంతా ఇంగ్లీషులో. ‘సంక్రాంతి’ కూడా ఇంగ్లీషు లిపిలోనే తలదాచుకొన్నది.

మిత్రులు తొందరపడకండి. పండుగలంటే గిట్టని ముసలి పంతులు విసుగు కాదిది. అమరకోశంలో ఉత్సవానికి పర్యాయపదాలు చెబుతూ అమరసింహుడు ‘క్షణం’ అనే మాటను కూడా చేర్చాడు. చిన్నప్పుడు వల్లెవేస్తూ అది నాకు వింతగా తోచేది. బళ్ళో ముప్ఫై ఏళ్ళు పైగా గడిపిన తరువాత వింత లేదు. పిల్లలకు పండుగ కావాలి, అమ్మానాన్నలు బడికి రావాలి, వాళ్ళను చూచి పిల్ల మొహం వెలగాలి. ఇందులో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా ఒక్కచోట. ఈ పట్టికలు వేసే బళ్ళు కుటుంబాన్ని చూచేందుకు పిలుస్తున్నాయి, చెల్లించేందుకు పిలుస్తున్నాయి. చెప్పేందుకు పిలవడం లేదు.

మా ఎదురింటి అమ్మాయి జాకెట్లు కుట్టి సంసారం నడుపుకొంటున్న మనిషి. ఆమె కొడుకూ అదే బడి. ఫోను పట్టుకొని వచ్చి, ‘బాబాయిగారూ, ఇందులో మేం ఏ రోజున రావాలో, ఏం తేవాలో కాస్త చదివి పెట్టండి. మావాణ్ణి అడిగితే ఒకసారి చెప్పింది ఇంకోసారి చెప్పడంలేదు’ అన్నది. చదివి చెప్పాను. ఈమె నిరక్షరాస్యురాలనుకొనేరు, కాదు. తెలుగు మాధ్యమంలో ఏడు దాకా చదువుకొన్నది. దినపత్రిక జిల్లా పేజీతో సహా చదువుతుంది, వారపత్రిక సీరియల్లో పాత్రల వరుసలు నాకంటే బాగా చెబుతుంది. అలాంటి మనిషిని ఆ పట్టిక ఒక్క నిమిషంలో వేలిముద్రల వరసలోకి నెట్టివేసింది. కొడుకు ముందే. ‘మా అమ్మకు రాదు’ అనే మాట ఆ పిల్లవాడి నోట మొట్టమొదట పుట్టించినది బడి పంపిన ఆహ్వానపత్రమే.

ఇక్కడ ఒక సమాధానం సిద్ధంగా ఉంటుంది. ‘తల్లిదండ్రులే ఇంగ్లీషు కావాలంటున్నారండీ, మేమేం చేస్తాం?’ నిజమే, అంటున్నారు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బళ్ళన్నిటినీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చే ఉత్తర్వు ఇచ్చినప్పుడూ, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దానిని కొట్టివేసినప్పుడూ ఈ వాదమే రెండు వైపులా హోరెత్తింది. ఆ చర్చలోకి నేనిప్పుడు పోను. అందులో దిగితే ఈ టపా రేపటికీ తేలదు. నేనడిగేది చాలా చిన్న ప్రశ్న. తన బిడ్డకు ఇంగ్లీషు కావాలని తల్లి కోరడమూ, తనకు వచ్చే ఉత్తరం ఇంగ్లీషులో రావాలని కోరడమూ ఒకటేనా? బిడ్డకు వైద్యవిద్య కావాలని కోరే తండ్రికి బడి ఫీజు రశీదు మందుల చీటీ లిపిలో వ్రాసిస్తారా?

ఆ పట్టికను నేను తెలుగు చేసి, కాగితానికి ఒక వైపు సరిపోయేట్టు కూర్చి, బడికి పట్టుకెళ్ళి ఇచ్చాను. అక్కడి యువ ప్రధానోపాధ్యాయిని మర్యాద తెలిసిన పిల్ల. కుర్చీ వేయించి, టీ తెప్పించి, కాగితం ఆసాంతం చదివి, ‘చాలా బాగుంది సార్, కానీ తెలుగులో పంపితే పేరెంట్స్ ఫీలవుతారు’ అన్నది. ఫీలవడమంటే నొచ్చుకోవడం. తెలుగు నోటీసు పంపే బడి తక్కువ రకం బడి అనుకొంటారట, పిల్లలను మార్చేస్తారట. అంటే ఆ పట్టిక ఇంగ్లీషులో ఉన్నది చదవడానికి కాదన్నమాట! చూచి ధైర్యం తెచ్చుకోవడానికి. కట్టిన డబ్బుకు రశీదు అది. ఆ మాట ఆ అమ్మాయి దాచకుండా చెప్పినందుకు నాకామె మీద గౌరవమే కలిగింది, దాచుకొనేవాళ్ళతోనే చిక్కు. అమెరికాలో ఉన్న మన బ్లాగ్మిత్రులను అడగండి, అక్కడ చాలా బళ్ళు ఇంటికి పంపే కాగితం మీద ఒకవైపు ఇంగ్లీషు, రెండోవైపు స్పానిష్ ఉంటుంది. ఇంగ్లీషు సొంతింట్లో ఇంగ్లీషు రాని తల్లికి దక్కే మన్నన తెలుగు సొంతింట్లో తెలుగు వచ్చిన తల్లికి దక్కడంలేదు.

ఆగస్టు 29 సంగతి ఇంకా విచిత్రం. గిడుగు వేంకట రామమూర్తిగారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. ఆ పట్టికలో ఇది ‘తెలుగు డే’. ప్రతి బిడ్డా ఒక నిమిషం తెలుగులో మాట్లాడాలి. నిమిషపు ప్రసంగం బడివారే వ్రాసి పంపుతారు... ఇంగ్లీషు అక్షరాలతో! బిడ్డ దానిని కంఠస్థం చేస్తాడు. ‘ళ’ ఎక్కడో ‘ల’ ఎక్కడో ఆ లిపిలో తెలియదు గనుక ‘తల్లి’ ఒకచోట ‘తళ్ళి’ అయి కూర్చుంటుంది. ఇంట్లో ఆ బిడ్డ తెలుగులోనే కొట్లాడుతాడు, తెలుగులోనే అలుగుతాడు, తెలుగులోనే అబద్ధమాడుతాడు. బళ్ళో వేదిక ఎక్కి తెలుగును పరాయిభాషలా అప్పజెబుతాడు, కిందనుంచి అమ్మ వీడియో తీసుకొంటుంది.

గిడుగువారు ఎవరో ఒకసారి తలచుకొందాం. 1863లో పుట్టి 1940లో కన్నుమూసిన ఆ మహానుభావుడు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. సవరల భాష తాను నేర్చుకొని, వాళ్ళ పిల్లలకు వాళ్ళ మాటలోనే వాచకాలు వ్రాసి, బళ్ళు పెట్టి నడిపించినవాడు. బడి తన భాష తీసుకొని ఇంటి మీదికి దండెత్తకుండా, ఇంటి భాష దగ్గరకు బడి నడిచి వెళ్ళాలన్నదే ఆయన చేసిన పనికి నేను చెప్పుకొనే అర్థం. (‘నీ వాక్యానికి గ్రాంథికపు వాసన ఇంకా పోలేదు, నువ్వు గిడుగును వెనకేసుకొస్తున్నావా!’ అని ఎత్తిపొడిచే మిత్రులు ఇద్దరు ముగ్గురున్నారు. ఆ వాసన భాషాప్రవీణ నాటిది. ఒంటికి పట్టిన విభూతివంటిది, కడిగినా చాయ పోదు.) ఆయన పుట్టినరోజున తెలుగు ప్రసంగం ఇంగ్లీషు లిపిలో ఇంటికి రావడాన్ని ఏ అలంకారం కింద చేర్చాలో లాక్షణికులు నిర్ణయించాలి.

ఇక గ్రాండ్ పేరెంట్స్ డే. దీనికి నన్ను స్వయంగా పిలిచారు గనుక సవివరంగా చెప్పే హక్కు నాకున్నది. పోయిన ఏడాది వెళ్ళాను. వరసగా ప్లాస్టిక్ కుర్చీలు, ముప్ఫై నలభైమంది వృద్ధులం. పిల్లలు వచ్చి మా పాదాలు కడిగి పూలు వేశారు. మోకాళ్ళ నొప్పులవాళ్ళకు పళ్ళెంలో కాలు పెట్టడమే ఒక వ్యాయామం. తరువాత ఆటలు: సంగీతపు కుర్చీలు, బకెట్లో బంతి వేయడం. గెలిచినవారికి స్టీలు డబ్బా. చివర ఒక సినిమా పాటకు పిల్లల నృత్యం, గ్రూపు ఫొటో, సెలవు.

నా పక్కన కూర్చున్నావిడ వయసు డెబ్బై దాటి ఉంటుంది. ఫొటోకు నిలబెట్టేలోపు దొరికిన పది నిమిషాలలో ఆమె తన మనుమడికీ, వాడి స్నేహితులిద్దరికీ గుక్క తిప్పుకోకుండా పొడుపుకథలు వేసింది. నాకు తెలియనివి నాలుగు విన్నాను. నలభైకి దగ్గరగా ప్రతులు తిరగేసినవాణ్ణి, నాకు తెలియనివి! పిల్లలు నోళ్ళు తెరుచుకొని ఆమె మోకాళ్ళ చుట్టూ చేరారు. అంతలో ఒక యువ ఉపాధ్యాయిని వచ్చి, నవ్వుతూనే, పిల్లలను వరసలోకి తీసుకుపోయింది. నృత్యానికి వేళ అయింది మరి. ఆ పూట ఆ బడి ఆవరణలో జరిగిన ఒకే ఒక్క పాఠం కార్యక్రమంలో లేనిది, దానిని ఆపింది కార్యక్రమమే. పాదాలు కడిగారు, సంతోషం. ఆ తల్లి నోటికి అయిదు నిమిషాలు ఇచ్చి ఉంటే కాళ్ళు కడుగనక్కరలేదు.

యాన్యువల్ డే గూర్చి ఎక్కువ వ్రాయను, మీరందరూ చూచినదే. నెల ముందునుంచి చదువు ఆగుతుంది. వేషాల అద్దెకు తలా ఇంత అని కట్టాలి, మా మనుమరాలిది నిరుడు 450 రూపాయలు, అది ఒక పాటలో మూడో వరసలో నిలబడినందుకు. ముందు వరస ఎవరికో, వెనక వరస ఎవరికో మీకు తెలుసు, పిల్లలకు ఇంకా బాగా తెలుసు. ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యంగా వస్తాడు. పౌడరు పూసిన అయిదేళ్ళ పిల్లలు తెర వెనక నిద్రపోతారు. వాళ్ళను లేపి నిలబెడతారు, వాళ్ళు ఏడుస్తారు, డప్పుల మోతలో ఆ ఏడుపు వినబడదు. ‘స్టేజి భయం పోతుంది సార్’ అంటారు. స్టేజి భయం పోవడానికి మాట కావాలి. తాను కూర్చుకొన్న నాలుగు మాటలు నలుగురి ముందు చెప్పిన పిల్లకు భయం పోతుంది. పెదవులు కదపకుండా స్పీకరు పాటకు చేతులూపిన పిల్లకు పోయేదేమిటి?

వేళ సంగతి కూడా ఉన్నది. ఆ పట్టికలో సగానికి పైగా కార్యక్రమాలు పనిదినాన పొద్దున పదింటికి. తాపీపనివాడు ఆ పూట బడికొస్తే ఆనాటి కూలి పోతుంది. పేటలో అంట్లు తోమే తల్లి వస్తే మూడిళ్ళలో మాట పడుతుంది. రాని తల్లిదండ్రులను బడివారు ‘శ్రద్ధ లేనివాళ్ళు’ అంటారు, రిజిస్టరులో కూడా ఆ గుర్తు పడుతుంది. మన వీధి భాగవతాలవాళ్ళు రాత్రిపూటే ఎందుకు ఆడారు? దీపాల ఖర్చు ఎక్కువని తెలియక కాదు. పొలంనుంచి జనం ఎప్పుడు వస్తారో, ఎప్పుడు అన్నం తిని చాపలు పట్టుకొని కదులుతారో వాళ్ళకు తెలుసు. చదువురాని భాగవతుల మేళానికి ఉన్న ఈ లోకజ్ఞానం బీఎడ్ చదివినవారి ప్రణాళికలో ఎందుకు కనబడదు?

దసరా పద్యాలను ఎరిగినవారు మనలో ఇంకా కొందరుంటారు. అయ్యవారు పిల్లలను వెంటబెట్టుకొని ఇల్లిల్లూ తిరిగేవారు. పిల్లల చేతుల్లో పూలు కట్టిన విల్లంబులు, వాటినుంచి బుక్కా, పూరేకులు. ఇంటి ముందు నిలబడి పిల్లలు పద్యాలు చదివేవారు. అయ్యవారికి సంభావన, పిల్లలకు పప్పుబెల్లాలు. దీనిని బంగారు కాలమని చెప్పి కన్నీళ్ళు పెట్టబోవడం లేదు. ఆ గుంపులో ఆడపిల్లలు అరుదు, ఊరి చివర వాడల పిల్లలకు ఆ వీధిబడిలోనే చోటు లేదు, అయ్యవారి సంభావన ఆయన జీతంలో భాగం, అంటే అదీ ఒక రుసుమే. ఇవన్నీ ఒప్పుకొంటూ చెబుతున్నాను, ఆ పద్ధతిలో ఒక్కటి మాత్రం సరిగ్గా ఉన్నది. బడి ఇంటి గుమ్మం దాకా నడిచి వచ్చేది, పిల్లవాడు నేర్చినది గుమ్మంలో నిలబడ్డ అమ్మమ్మకు అర్థమయ్యే మాటలో అప్పజెప్పేది. అమ్మమ్మ తప్పు దిద్దగలిగేది కూడా! ఇప్పటి బళ్ళో పిల్ల చెప్పే పద్యాన్ని, అంటే ఆ ఇంగ్లీషు రైమును, అమ్మమ్మ దిద్దలేదు. చప్పట్లు మాత్రం కొట్టగలదు.

సర్కారు బడి ఇందుకు మినహాయింపా అంటే, అవునూ కాదూ. 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం బడి యాజమాన్య సంఘంలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, మొత్తం సభ్యులలో సగంమంది స్త్రీలు ఉండాలి. (ప్రభుత్వ సాయం లేని ప్రైవేటు బళ్ళకు ఈ సంఘం అక్కరలేదని అదే చట్టం మినహాయించింది. సరిగ్గా ఎక్కడ కావాలో అక్కడ!) ఉపాధ్యాయుడు తల్లిదండ్రులను క్రమంగా కలుసుకొని బిడ్డ హాజరు, నేర్చుకొనే శక్తి, సాధించిన ప్రగతి చెప్పాలని కూడా ఆ చట్టంలో ఉన్నది. ఫ్రూట్ డే మాట అందులో ఎక్కడా లేదు. తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడి, బడి మరమ్మతుల బాధ్యత మహిళా సంఘాల చేతికి వచ్చింది. అమ్మలకు కుర్చీ వేయడంకంటే పని అప్పగించడం మంచిదే. అయితే గోడకు సున్నం దగ్గరే ఆగకుండా ఆ అప్పగింత తరగతి గదిలోకి కూడా రావాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న ఒకే రోజు రాష్ట్రమంతటా ప్రభుత్వ బళ్ళలో మెగా పేరెంట్ టీచర్ మీటింగు జరిపారు. 2025 జూలై 10న రెండవసారి. మొదటిసారి నేను మా పేట బడికి వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. నిజాయితీగా చెప్పాలంటే నాకు నచ్చినవి ఉన్నాయి. బిడ్డ ప్రగతి పత్రం తల్లి చేతిలో పెట్టి, పక్కన కూర్చోబెట్టుకొని వివరించారు, తెలుగులో. ఆ తరువాత పిల్లలతో కలిసి మధ్యాహ్న భోజనం. నేను కూర్చున్న పంక్తిలో ఒక తండ్రి పప్పు రుచి చూచి, వంటామెతో ఉప్పు తక్కువైందని చెప్పాడు, ఆమె సరేనన్నది. బడి గూర్చి ఒక తండ్రి అభిప్రాయం చెప్పి, అది అమలైన సందర్భం నా సర్వీసులో నేను ఎక్కువసార్లు చూడలేదు. కాని ఆ రోజున అమ్మలకు ముగ్గుల పోటీ, నాన్నలకు తాడులాగుడు కూడా ఉన్నాయి. నాయకుల ఉపన్యాసాలు సరేసరి. ఉపాధ్యాయులు ఫొటోలు పైకి పంపే పనిలో మునిగిపోయి, తల్లి అడిగిన ప్రశ్నకు ‘ఒక్క నిమిషమమ్మా’ అన్నది నేను చెవులారా విన్నాను. ఏడాదికొకసారి రాష్ట్రమంతా ఒక్కమారు ఊపిరి పీల్చడం గొప్పే, బతకడానికి మాత్రం రోజూ పీల్చాలి.

‘విమర్శించడం తేలిక, మీరైతే ఏం చేస్తారు?’ అని ఆ ప్రధానోపాధ్యాయిని కూడా అడిగింది. న్యాయమైన ప్రశ్న.

నా పని తెలుగు గనుక తెలుగుతోనే మొదలుపెడతాను. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, ప్రచురించింది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు సంపాదకులు. 1971లో చేనేత పదాల సంపుటం వచ్చింది. పండితులు ఊరూరా తిరిగి, రైతునూ నేతగాడినీ కూర్చోబెట్టుకొని, ఒక్కొక్క పనిముట్టుకూ ఒక్కొక్క చేష్టకూ వాళ్ళు వాడే మాట అడిగి వ్రాసుకొన్నారు. అంతటి భాషావేత్తలు వెతుక్కుంటూ ఎవరి గుమ్మానికి వెళ్ళారో, ఆ మనుషులే ఇవాళ బడి గేటు దగ్గర సైకిలు దించి, లోపలికి రావచ్చునా రాకూడదా అని నిలబడుతున్నారు.

1990ల చివర చీరాల ప్రాంతంలో పనిచేస్తున్నప్పుడు మా బళ్ళో ఒక సాయంకాలం నేత కుటుంబాల పెద్దలను పిలిచాం. మా ఉన్నత పాఠశాల ఆరవ తరగతి పిల్లలతోపాటు అదే ఆవరణలోని ప్రాథమిక బడి నాలుగు, అయిదు తరగతులవాళ్ళూ వచ్చారు. పని ఒక్కటే. పెద్దలు తమ పనిముట్టు ఒకటి తెచ్చి దాని పేరూ వాడకమూ చెప్పాలి, పిల్లలు వ్రాసుకోవాలి. నాడె, కండె, ఆసు, పడుగు, పేక... ‘ఈ నాడె ఇటునుంచి అటు పోతుంటే, దీని కడుపులోని కండెనుంచి పేక జారుతుంటుంది పంతులుగారూ’ అని ఒక పెద్దాయన చేతితో గాలిలో చూపించాడు. పడుగూపేకా అనే జంటమాటను నేను అప్పటికి పదిహేనేళ్ళుగా పాఠాల్లో వాడుతున్నాను, ఏది నిలువో ఏది అడ్డమో పిల్లలు ఆ సాయంత్రం కంటితో చూచారు. ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్ల, తండ్రి చెప్పిన మాటకు అడ్డం వచ్చి, ‘కాదు, అమ్మ దాన్నింకో పేరుతో అంటుంది’ అన్నది. తల్లి వెనకనుంచి అవునన్నది. రెండు మాటలూ వ్రాసుకొన్నాం. ఖర్చు బెల్లం టీకి అయింది. ఫొటో ఒక్కటీ లేదు, అది మాత్రం నాకిప్పటికీ కొరత.

నేత లేని ఊళ్ళో ఏం చేస్తారంటారా? డిసెంబరు 22 రామానుజన్ పుట్టినరోజు, 2012నుంచి జాతీయ గణిత దినోత్సవం. బళ్ళలో ఆ రోజు అంకెల ఆకారంలో పిల్లలను నిలబెట్టి పైనుంచి ఫొటో తీస్తారు. దానికి బదులు తాపీమేస్త్రీని పిలవండి. గోడ మూల సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చూస్తాడో అడగండి. ఒక గోడ వెంట మూడడుగులు, రెండో గోడ వెంట నాలుగడుగులు కొలిచి గుర్తు పెడతాడు, ఆ రెండు గుర్తుల నడుమ టేపు పట్టి అయిదడుగులు వస్తే మూల మట్టంగా ఉన్నట్టు. పైతాగరస్ పేరు అతడు విని ఉండడు. జామెట్రీ పెట్టెలోని మూలమట్టాలకు ఆ పేరు అతడి చేతి మూలమట్టంనుంచే వచ్చిందని పిల్లలకు చెప్పేవారు లేరు. మా ఎదురింటి అమ్మాయి కొడుక్కి భిన్నాలు రావట. వాళ్ళమ్మ రోజుకు పదిసార్లు ముప్పావు అంగుళమూ అంగుళంపావూ కలిపి గుడ్డ మీద సుద్దగీత గీస్తుంది, గీత తప్పితే జాకెట్టు పాడవుతుంది గనుక తప్పదు. ఆ టేపు పట్టుకొని ఆమె ఒక్క పీరియడు తరగతిలో నిలబడితే భిన్నాలు వస్తాయో రావో గాని, ‘మా అమ్మకు రాదు’ అనడం మానేస్తాడు.

ఉపాధ్యాయ మిత్రులు అనబోయేది కూడా నాకు తెలుసు. ‘ఉన్న పని చాలదా, మరుగుదొడ్ల ఫొటోలు, భోజనం లెక్కలు, ఆప్‌లలో హాజరు, ఇవి కాక ఇదొకటా?’ వాళ్ళ పక్షానే ఉన్నాను. ప్రైవేటు బళ్ళో పనిచేసే పిల్లల సంగతి ఇంకా దయనీయం. ఫ్రూట్ డేకు అట్టముక్కలు కత్తిరించేది వాళ్ళే, రాత్రి పదింటికి ఇంట్లో కూర్చొని. నేను కూడమనడం లేదు, తీసివేయమంటున్నాను. ఆ పట్టికలోని పది రోజుల్లో ఏడు కొట్టేయండి. మిగిలిన మూడింటికి వేషం వద్దు, అద్దె వద్దు, తెర వద్దు, అతిథి వద్దు. ఒక తెలుగు ఉత్తరం చాలు.

అందుకొక నమూనా కింద ఇస్తున్నాను. వాడుకోదలచినవారు తేదీ, వేళ మార్చుకొని వాడుకోవచ్చు, నా పేరు అక్కరలేదు. మీ ఊరి మాటలో మార్చుకొంటే మరీ మంచిది. మీ మీ బళ్ళ పంచాంగాలు ఎలా ఉన్నాయో కింద వ్రాయండి.

‘అమ్మలకు, నాన్నలకు, తాతలకు, అమ్మమ్మలకు, నాయనమ్మలకు,

డిసెంబరు 22 సాయంత్రం ఆరున్నరకు బడికి రండి. మీ పనిలో కొలవడానికి వాడే వస్తువు ఏదైనా ఒకటి తీసుకురండి. టేపు, తక్కెడ, సోల, తవ్వ, రసమట్టం, ఏదైనా సరే. దానితో ఎలా కొలుస్తారో మీరు పిల్లలకు చూపించాలి. కొత్త బట్టలు అక్కరలేదు. డబ్బు కట్టనక్కరలేదు. ఎనిమిదింటికల్లా ఇంటికి వెళ్ళవచ్చు. ఆ రోజు రాలేనివారు ఏ వేళ ఇంట్లో ఉంటారో పిల్లలతో చెప్పి పంపండి. మరునాడు పిల్లలే మీ ఇంటికి వచ్చి, అడిగి వ్రాసుకొంటారు.’